ఐదు వాక్యాల నోటుబుక్కు

డాక్టరు నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఈ మధ్య ఆవిడ రాత మారడం, చెయ్యి వణకడం, తెలిసిన మాట కోసం తడుముకోవడం లాంటివి ఏమైనా గమనించారా?"

లేదన్నాను. ఆయన తలాడించి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తలలో రక్తనాళం చిట్లి నా భార్యకు అప్పటికి రెండు రోజులుగా తెలివి లేదు. మూడో రోజు పోయింది.

నేను ఇరవై ఆరేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. రాత చూసి ఏ పిల్లకు జ్వరం వచ్చి తగ్గిందో, ఏ పిల్లవాడి ఇంట్లో గొడవ జరిగిందో పోల్చుకోగలనని స్టాఫ్ రూములో నాకు పేరు. అలాంటి నేను లేదన్నాను. ఆ జవాబు నిజమో కాదో ఆ తర్వాత చాలాకాలం నాకే తెలియలేదు.

తను ఒక పెద్ద ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ కౌంటరులో పనిచేసేది. అరబ్బు దేశాల నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు అక్కడ ఎక్కువ. వాళ్ల మాటలు మనకు చెప్పడానికి ఒకే ఒక మనిషి ఉండేవాడు. అతను ఎప్పుడూ పై అంతస్తులోనే. "నొప్పి ఎక్కడో చెయ్యి పెట్టి చూపిస్తారు. ఎప్పటినుంచో మాత్రం చూపించలేరు కదా. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తాను. ఇంటికొచ్చాక కూడా ఆ ఖాళీయే కనిపిస్తుంది" అనేది. ఒకరోజు చెప్పాపెట్టకుండా దగ్గరలోని కాలేజీలో సాయంత్రం అరబ్బీ క్లాసులో చేరి వచ్చింది. మొదటి మెట్టు ఆరు నెలలు, నడిమి మెట్టు ఆరు నెలలు.

"నలభై తొమ్మిదేళ్లకు అక్షరాలు దిద్దుతావా?" అన్నాను.

"దిద్దితే మీకేం? నా పుస్తకం మీరు దిద్దక్కర్లేదులెండి" అంది.

నేను దిద్దలేదు. చూడను కూడా లేదు. ఒకసారి మాత్రం దాటిపోతూ, పేజీ మీద తేదీ వెయ్యమన్నాను. "నేనేమైనా మీ క్లాసులో పిల్లనా?" అని నవ్వింది. తేదీ వెయ్యలేదు.

ఆసుపత్రివాళ్లు తన సంచి ఇంటికి పంపినప్పుడు అందులో ఆ నోటుబుక్కు ఉంది. అట్ట మీద పేరు లేదు, లోపల తేదీలు లేవు. మామూలుగా ఎడమవైపునుంచి తెరిచాను. మొదటి పేజీల్లో విరిగిన పుల్లల్లాంటి గీతలు, పోను పోను పొందికైన వరసలు. నేర్చుకునేవాళ్ల పుస్తకం ఇలాగే ఉంటుంది అనుకుని మూసేశాను. అయినా నాలుగో నెలలో వెళ్లి అదే క్లాసులో చేరాను. తను చివరగా ఏం రాసిందో చదవాలనిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

అది పగలు వృక్షశాస్త్రం చెప్పే గది. గోడకు ఆకు అడ్డుకోత పటం, కిటికీ గట్టు మీద ఎండిన మొక్కల కుండీలు. నా పక్కన ఒక టైలరు కూర్చున్నాడు. మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చాడు.

"మీది మొదటిసారా మాస్టారూ? నాది రెండోసారి. నడిమి మెట్టుదాకా వెళ్లాను. పరీక్షలో పాము మింగింది, మళ్లీ మొదటి గడికొచ్చి పడ్డా" అన్నాడు.

ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగాను.

"అరబ్బు షాపులకు పొడుగు చొక్కాలు కుడతానండీ. మెడ దగ్గర వాళ్ల అక్షరాల లేబులు వెయ్యాలి. రెండొందల చొక్కాలకు తలకిందులుగా వేశా. విప్పి కుట్టి విప్పి కుట్టి వేళ్లు పుళ్లయిపోయాయి. మరి మీరెందుకు?"

"ఊరికే" అన్నాను.

అరబ్బీ చెప్పే మేడమ్‌కు యాభై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే అందరి నోటుబుక్కులూ బల్ల మీద పెట్టించింది. ఒక్కొక్కటీ తిరగేసి, మనకు వెనక అట్ట అయ్యేదాని మీద పేరు రాయించింది. "ఈ గదిలో పుస్తకం కుడివైపునుంచి తెరుచుకుంటుంది. మీకు చివర అనిపించేదే మనకు మొదలు. అలవాటయ్యేదాకా తికమకగానే ఉంటుంది, సిగ్గుపడకండి" అంది. తర్వాత పద్ధతి చెప్పింది. అక్షరాలకు అచ్చు పుస్తకం వేరే ఉంది. నోటుబుక్కులో మాత్రం క్లాసు ఉన్న ప్రతి రోజూ ఇంటి సంగతులు ఐదు వాక్యాలు రాయాలి. తక్కువ కాకూడదు, ఎక్కువ కాకూడదు. తెలిసిన మాటలతోనే రాయాలి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి నా భార్య నోటుబుక్కు తిరగేసి, కుడివైపునుంచి తెరిచాను.

మొదట కొన్ని పేజీలు చించిన మొండి అంచులు. తప్పులొచ్చిన మొదటి పేజీలను చించేస్తారు, నా పిల్లలూ అంతే. ఆ తర్వాత చక్కటి, నిబ్బరమైన రాత. పేజీలు తిప్పే కొద్దీ వాక్యాలు పొట్టివవుతూ వచ్చాయి. అక్షరాలు పెద్దవై, అటూ ఇటూ ఒరిగాయి. కలవాల్సినవి విడిపోయాయి. చివరి మూడు పేజీల్లో రాతే లేదు. చుక్కలు ఒకచోట, గీతలు ఒకచోట. కలం ఎత్తి, పెట్టి, మళ్లీ ఎత్తి, ఒకే ఆకారాన్ని పది సార్లు గీసి, పదింటిలోనూ తప్పిన చెయ్యి.

రాత మారడం, చెయ్యి వణకడం, మాట కోసం తడుముకోవడం. డాక్టరు అడిగిన మూడూ నా చేతిలో ఉన్నాయి. నెలల తరబడి తను నా ఎదురుగా ఇదే బల్ల దగ్గర కూర్చుని ఇలా రాస్తూ ఉంటే, నేను ఇటువైపు కూర్చుని ఎవరి పిల్లల రాతనో చూస్తున్నాను.

అనుమానం రాలేదని కాదు. మూడో వారానికి నేనూ నా పుస్తకంలో "ఇది తలుపు, ఇది కిటికీ" అని రాశాను. తన పుస్తకం చివర్లోనూ అవే ఉన్నాయి. అయితే మొదట్లో రాసినవాటిని చివర్లో మళ్లీ ఎందుకు రాస్తుంది? మాటలు పోతున్న మనిషి తేలిక మాటల దగ్గరికి వెనక్కి వస్తుందేమో. పోనీ, పుస్తకమే అటు తిరిగి ఉందేమో? ఉండదు. మొదటిరోజే మేడమ్ అందరి పుస్తకాలూ తన చేత్తో తిప్పుతుంది, ఆ చెయ్యి నేను చూశాను. లెక్క ఎటునుంచి చేసినా అదే జవాబు వచ్చేది.

సెలవులకు అమ్మాయి వచ్చినప్పుడు బల్ల మీద రెండు నోటుబుక్కులూ చూసింది.

"నాన్నా, అమ్మ కోసమేనా ఈ చదువంతా?"

"చివరి పేజీల్లో ఏముందో తెలియడం లేదమ్మా."

"ఆ మేడమ్‌కే చూపించొచ్చు కదా. చిటికెలో చదివి పెడుతుంది."

"అడుగుతాను."

"అడగవు. నాకు తెలీదూ? ఇంట్లో ఉప్పు లేకపోతే పక్కింట్లో అడగలేక చప్పటి అన్నం తినే రకం నువ్వు."

అది వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మాట. నేను నవ్వాను. అడగకపోవడానికి మొహమాటం కారణం కాదని మాత్రం చెప్పలేదు. అడిగితే మేడమ్ "అవును, నేను గమనించాను. ఇంట్లో మీరు గమనించలేదా?" అంటుంది. ఆ ఒక్క వాక్యం నేను ఎవరి నోటినుంచీ వినదలుచుకోలేదు. నేనే చదువుకుంటే, అది నాకూ పుస్తకానికీ మధ్యే ఉండిపోతుంది.

అందుకే నేనెవరో క్లాసులో చెప్పలేదు. దానివల్ల కొన్ని వినాల్సి వచ్చింది.

"పోయిన బ్యాచిలో మీ చోట్లో ఒక చెల్లెమ్మ కూర్చునేదండీ. ఆసుపత్రి కౌంటరు. కొలత రాసుకోవడానికి నా దగ్గర ఎప్పుడూ కాయితం ఉండదు కదా, పుస్తకంలోంచి ఒకటి పర్రున చించి ఇచ్చేది. ఇంటికి సరుకుల చీటీ అయినా అందులోంచే. పుస్తకం చిక్కిపోతోంది చెల్లెమ్మా అంటే, బరువు తగ్గితే మంచిదే కదన్నయ్యా అనేది. పోయింది పాపం" అన్నాడు టైలరు ఒకరోజు.

నేను అచ్చు పుస్తకంలో తలదూర్చి, ఒకే అక్షరానికి మొదట్లో, మధ్యలో, చివర్లో ఉండే మూడు రూపాలు చూస్తున్నట్టు ఉండిపోయాను. ఆయన మాటలోంచి నాకు తీసుకోవాల్సింది ఒకటి ఉంది. తీసుకోలేదు.

"మీ కళ్లజోడుకి ఆ దారం ఏంటండీ? గోనెసంచి కుట్టే దారంలా ఉంది. మా షాపుకి రండి, సన్నటిది కడతాను."

"కొత్తది కొంటాను."

"ఎప్పుడు?"

"ఈ శనివారం."

చదువు ముందుకు నడిచింది. ముందుకు నడిచిన కొద్దీ తికమక పెరిగింది. వెనకటి వాక్యాలు, అంటే "ఇది తలుపు" దగ్గరివి, సులువుగానే చదివాను. "ఇది తలుపు. తలుపు పెద్దది. ఇది గిన్నె. గిన్నె ఎక్కడ? తెలియదు." కింద మేడమ్ ఆకుపచ్చ సిరాతో సరి గుర్తు పెట్టింది. తన మనసు అక్కడిదాకా కుంచించుకుపోయిందనుకుని, గిన్నె ఎక్కడో తెలియని ఆ వాక్యం దగ్గర నేను చాలాసార్లు ఆగాను. చివరి మూడు పేజీలు మాత్రం లొంగలేదు. కొత్త అక్షరం నేర్చుకున్న ప్రతిసారీ వాటిలో దానికోసం వెతికేవాణ్ణి. అన్ని అక్షరాలూ వచ్చాక, అవి మాటలు కావని తేలింది. చదవడం రానప్పుడు అవి కనీసం రహస్యంలా ఉండేవి.

మొదటి మెట్టు పరీక్ష అందరం గట్టెక్కాం. ఈసారి టైలరు కూడా. నడిమి మెట్టు మొదటిరోజున మేడమ్ కొత్త పుస్తకం ఇచ్చి, "ఇంతవరకు అక్షరాల పైనా కిందా చిన్న గుర్తులు చూసి పలికారు. ఇక అవి ఉండవు. పెద్దవాళ్లు అవి లేకుండానే రాసుకుంటారు. ముందూ వెనకా చూసి మీరే పోల్చుకోవాలి" అంది.

"ఉన్న గుడ్డలు కూడా విప్పేశారు" అన్నాడు టైలరు నా చెవిలో.

తన నోటుబుక్కులో చక్కటి రాత ఉన్న పేజీలన్నీ అలాంటివే. గుర్తులు లేవు. ఆ మెట్టులో నాలుగు నెలలు గడిచాక, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి రెండేసి సాయంత్రాలు పట్టేలా, మొండి అంచుల పక్కనున్న పేజీతో మొదలుపెట్టాను. ఇది తను చేతి సత్తువ ఉన్నప్పుడు రాసిన తొలి పేజీ అనే లెక్కలో ఉన్నాను.

మొదటి మాట నజ్జారా. కళ్లజోడు. రెండోది జౌజీ. నా భర్త. మిగతావి ఒక్కొక్కటే పడ్డాయి. పూర్తిగా కుదిరాక నా పుస్తకంలో తెలుగులో రాసుకున్నాను.

"నా భర్త కళ్లజోడు విరిగింది. నల్లదారంతో కట్టుకున్నాడు. కొత్తది కొనుక్కోమన్నాను. శనివారం అన్నాడు. ఆయన శనివారం ఎప్పుడూ రాదు."

ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాను.

ఈ కాడ విరిగింది తను పడిపోవడానికి నాలుగు రోజుల ముందు. బడిలో, రెండో పీరియడులో, బల్ల మీదినుంచి జారి. ఆసుపత్రిలో కాగితాల మీద సంతకాలు పెట్టింది ఈ దారంతోనే. అంతకుముందు నా కళ్లజోడు ఎన్నడూ విరగలేదు. అలాంటప్పుడు ఏడాది ముందు రాసిన పేజీకి ఈ సంగతి ఎలా తెలిసింది?

నా చదువునే అనుమానించాను. ప్రతి మాటనూ మళ్లీ నిఘంటువులో చూశాను. దారం దారమే. శనివారం శనివారమే. రాత చూశాను. ఒక్క అక్షరం వణకలేదు. ఐదో వాక్యం చివర చుక్క కాస్త గట్టిగా నొక్కింది. దెప్పేటప్పుడు తను మాట చివర అలాగే నొక్కేది.

మర్నాడు క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగాను. మేడమ్ బోర్డు తుడుస్తోంది. నోటుబుక్కు బల్ల మీద పెట్టాను.

"మేడమ్, ఇది నా భార్యది."

ఆవిడ వెనక్కి తిరిగి, నావైపు కాకుండా పుస్తకం వైపు చూసింది. చేతికున్న సుద్ద పైటకు తుడుచుకుని, దాన్ని తీసుకుని, ఎడమవైపునుంచి తెరిచింది.

దాదాపు ఏడాదిగా ఆవిడ ఒక్క పుస్తకాన్ని కూడా అటునుంచి తెరవగా నేను చూడలేదు. కంగారులో పొరబడిందనుకున్నాను. "అటు కాదు మేడమ్" అన్నాను, నా పిల్లలతో అన్నట్టే.

"ఇది అటే మాస్టారూ. ఈ ఒక్క పుస్తకం అటే."

పుల్లల్లాంటి గీతలున్న పేజీ మీద వేలు పెట్టింది.

"చేరకముందే మూడు పేజీలు నింపుకుని వచ్చింది. కౌంటరు ఎదురుగా మందుల షాపు బోర్డు ఉందట, అరబ్బీ అక్షరాల్లో. ఒక్క అక్షరం రాదు. చూసి బొమ్మ గీసినట్టు గీసింది. అది కూడా ఎడమనుంచి కుడికి. అందుకే ఏదీ దేనితోనూ కలవలేదు. పుస్తకం తిప్పి మొదలుపెట్టమన్నాను. 'అయితే ఈ మూడు పేజీలు చివరికి పోతాయా మేడమ్?' అని అడిగింది. మొహం చిన్నబోయింది. నాకు మనసు రాలేదు. సరేలే, నీ పుస్తకం ఇటునుంచే రాసుకో అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడే ఎక్కువ నవ్వింది."

నేను మొండి అంచులు చూపించాను. చూపిస్తూ ఉండగానే అర్థమైంది. సరుకుల చీటీలు, కొలతల కాయితాలు. తను చించేది ఎప్పుడూ ఇంకా రాయని పేజీలే, అదీ వెనకనుంచే. ఇరవై నాలుగేళ్లు చూసిన అలవాటు. వెనక ఎటో తెలియక దాన్ని గుర్తుపట్టలేకపోయాను.

"మేడమ్, చివరి రోజుల్లో తన రాత ఏమైనా..."

ఆవిడ పేజీలు అటు చివరిదాకా తిప్పి, కళ్లజోడు పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "మీరే చూడండి. రాత చూడటం మీకు నేను నేర్పాలా?"

"మాట తడబడేదా?"

"తడబడేది. మొదటిరోజునుంచీ. మీలాగే, అందరిలాగే."

ఆవిడ పుస్తకం మూసి నా చేతికి ఇస్తూ, "చివరి క్లాసు రోజు తలనొప్పిగా ఉందంది. నేను టీ తాగి రమ్మన్నాను. అంతే అన్నాను. తర్వాత తెలిసినప్పటినుంచి ఆ టీ నన్ను వదలదు. మిమ్మల్ని ఎక్కడున్నారో వెతికి చెప్పాలనుకున్నాను, ధైర్యం చాలలేదు. మీరేమో ఇక్కడే మూడో బెంచీలో ఉన్నారు" అంది.

"టీ తాగమనడంలో తప్పేముంది మేడమ్" అన్నాను. అనడం తేలికే.

డాక్టరు ప్రశ్నకు ఇప్పుడు నా దగ్గర పూర్తి జవాబు ఉందని చెప్పను. తన తలనొప్పి నాకు తెలియదు. అడగలేదు, తను చెప్పలేదు. రాత మాత్రం మారలేదు. నాకు తెలిసింది అంతవరకే.

టైలరు కాలేజీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంటి మాస్టారూ, ఇంతసేపు? మిమ్మల్ని కూడా పాముకి వేసిందా ఏంటి?"

"మీ పక్కన కూర్చున్న ఆ చెల్లెమ్మ నా భార్యండీ" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "ఏడాది. ఏడాది నా పక్కన కూర్చుని, నేను వాగుతూ ఉంటే వింటూ... మీరేం మనిషండీ బాబూ!" అన్నాడు. కోపంగానే అన్నాడు. తర్వాత జేబులోంచి కొలతల పుస్తకం తీసి, దాని మడతలోంచి ఒక చీటీ బయటికి లాగాడు. ఒకవైపు ఎవరిదో ఛాతీ కొలత, చేతి పొడవు. రెండోవైపు నా భార్య రాతలో వారం రోజుల పేర్లు, కుడినుంచి ఎడమకు. "ఇవి నా బుర్రకు ఎక్కట్లేదని రాసిచ్చింది. ఇప్పటికీ ఎక్కలేదు. మీరుంచుకోండి."

"మీకు పరీక్ష ఉంది కదా."

"అయితే పరీక్ష అయ్యాక ఇస్తా."

చీటీ ఒక అంచు గరుకుగా ఉంది. నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. మొండి అంచుల దగ్గర పెట్టి చూస్తే ఏదో ఒకదానికి సరిపోయేదే. పెట్టి చూడలేదు. చీటీ తిరిగి ఇచ్చేశాను.

ఆయన నా మొహంలోకి చూసి, అడగకుండానే కళ్లజోడు తీసుకున్నాడు. సంచిలోంచి సన్నటి నల్లదారం తీసి, పాతది కొరికి తెంచి, కాడను బిగించి కట్టడం మొదలుపెట్టాడు. కళ్లజోడు లేకుండా నాకు వీధి అంతా మసకగా ఉంది. ఎటు వెళ్లే బస్సు ఎటునుంచి వస్తోందో తెలియలేదు.

"ఇది కొన్నాళ్లు ఆగుతుంది. కొత్తది ఎప్పుడు కొంటారు మాస్టారూ?"

నోటిదాకా వచ్చిన రోజు పేరు నేను చెప్పలేదు.